నాన్నగారి పుస్తకం సీడీలో ఉంది, తెరిస్తే పిచ్చి గీతలు: మళ్లీ టైపు చేయించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ నాన్నగారు 2003లో సొంత ఖర్చుతో ఒక జ్ఞాపకాల పుస్తకం అచ్చు వేయించుకున్నారు, 240 పేజీలు. కాపీలన్నీ పంచగా ఇంట్లో ఒక్కటే మిగిలింది. ఇప్పుడాయన లేరు. బీరువా సర్దుతుంటే అప్పట్లో ప్రెస్సువాళ్లిచ్చిన సీడీ దొరికింది. అందులో కొన్ని వర్డ్ ఫైళ్లు, కొన్ని అసలు తెరుచుకోని ఫైళ్లు. వర్డ్ ఫైలు తెరిస్తే తెలుగు ముక్క కనబడలేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, కొక్కేలు, మధ్యలో పౌండు గుర్తులు. వైరస్ అని ఒకరు, ఫైలు చెడిపోయిందని ఒకరు, మళ్లీ టైపు చేయించుకోవాల్సిందేనని మరొకరు చెప్పారు. సంవత్సరీకానికి కొత్త ముద్రణ తేవాలని మీ ఆలోచన.

సూటిగా జవాబు: వైరస్ కాదు. ఫైలు చెడిపోలేదు. మళ్లీ టైపు చేయించొద్దు. అది పాత ఫాంటులో ఉన్న మంచి తెలుగు. దాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఇప్పటి కంప్యూటర్లు, ఫోన్లు అన్నీ చదవగలిగే పద్ధతిలోకి మార్చుకోవచ్చు, మార్చడం ఒక పూట పని. అసలు పని దాని తర్వాత మొదలవుతుంది. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకసారి చదవాలి. టైపింగుకు పెడదామనుకున్న డబ్బు ప్రూఫుకు పెట్టండి.

నేను విజయవాడలో 1998 నుంచి డీటీపీ, అంటే కంప్యూటర్ మీద టైపు చేసి పేజీలు పెట్టే పని చేస్తున్నాను. పెళ్లి శుభలేఖల నుంచి పీహెచ్‌డీ థీసిస్‌ల దాకా అన్నీ కొట్టాను. మీ సీడీలో ఉన్నలాంటి ఫైళ్లు నా చేతుల మీదుగా కొన్ని వందలు తయారయ్యాయి కాబట్టి, ఈ పాపంలో నాకూ వాటా ఉందనుకోండి.

ముందు సీడీ సంగతి. ఇంకేం చేసే ముందయినా దాన్ని కాపీ చేయండి. రాసుకునే సీడీలు ఎన్నేళ్లు బతుకుతాయో చెప్పలేం. దుమ్ముంటే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు వైపు తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడవకండి. ఒక డ్రైవులో చదవకపోతే ఇంకో డ్రైవులో పెట్టి చూడండి. అదే సీడీ మా షాపులో ఒక కంప్యూటర్లో మొండికేసి, పక్క కంప్యూటర్లో ఇట్టే తెరుచుకున్న రోజులున్నాయి. మొత్తం ఫోల్డరును హార్డ్ డిస్కులోకి, ఒక పెన్‌డ్రైవులోకి, మీ మెయిల్‌లోకి వేసుకుని, ఇక ఆ సీడీని ముట్టుకోకండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, నీళ్లు తీశాక ఒక రిటైర్డ్ మాస్టారు నా దగ్గరకు ఏడు సీడీలు పట్టుకొచ్చారు. కవర్లలో బురద గట్టిపడి ఉంది. ఆయన రాసిన పుస్తకాలు కట్టలకు కట్టలు తడిసి ముద్దయ్యాయి, మిగిలినవి ఇవే. మంచినీళ్లలో నానబెట్టి, బురద వదిలాక ఆరబెట్టి చూస్తే ఏడింటిలో అయిదు చదివాయి. మిగతా రెండింట్లో ఒకదాని కాపీ మాకే తెలియకుండా మా పాత హార్డ్ డిస్కులో ఉంది, అదృష్టం. ఏడోది పోయింది. అందులో ఆయన భార్య పాడిన పాటల సంకలనం ఉందట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. అందుకే కాపీ సంగతి ముందు చెప్పాను.

ఇప్పుడు ఆ పిచ్చి గీతలు ఎందుకొచ్చాయో చెప్తాను. ఇది తెలిస్తే తర్వాత వచ్చే తప్పులు మీకే అర్థమవుతాయి.

అప్పటి ఫాంటులో మొత్తం 256 గళ్లే ఉండేవి, వాటిలో కొన్ని వాడుకోవడానికి వీల్లేనివి. తెలుగు గుణింతాలు, వత్తులు అన్నీ కలిపితే వేలల్లో తేలతాయి. అన్ని అక్షరాలూ అందులో పట్టవు కదా. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఈ ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గళ్లలో కూర్చోబెట్టారు. మేం కీబోర్డు మీద కొడితే కంప్యూటర్ లోపల పడేది ఇంగ్లీషు గుర్తే. దానికి తెలుగు వేషం వేసేది ఫాంటు. మీ ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంటు లేదు, అందుకని వేషం తీసేసిన మనిషి కనబడుతున్నాడు.

యూనికోడ్ అలా కాదు. తెలుగుకు దానిలో 128 గళ్లున్న సొంత ఇల్లుంది, 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే. ‘క్తి’ అని రాస్తే అందులో క, పొల్లు, త, గుడి అనే నాలుగు ఆ వరుసలో దాగి ఉంటాయి. దాన్ని ఎలా గీయాలో చూసుకునేది సాఫ్ట్‌వేర్. పాత ఫాంటులో మాత్రం కంటికి కనిపించే వరుసలో, ముందు ‘కి’, తర్వాత కింద త వత్తు ఉంటాయి. మార్చే కన్వర్టర్ ఆ గుడిని తీసి వత్తు తర్వాతకు జరపాలి. ఇలా అక్షరం అక్షరానికీ జరపాలి కాబట్టే అక్కడక్కడా కాలు జారుతుంది.

మీది ఏ ఫాంటో తెలుసుకోండి. వర్డ్‌లో ఆ పిచ్చి గీతల్లో ఒక ముక్కను సెలెక్ట్ చేసి, పైన ఫాంటు పేరు వచ్చే డబ్బా చూడండి. అనుపమ, ప్రియాంక, హర్షప్రియ లాంటి పేరుంటే అది అను. మా వైపు డీటీపీ షాపుల్లో ఎక్కువ నడిచింది అదే. శ్రీ-టెల్ అని ఉండి పక్కన అంకెలుంటే శ్రీలిపి. ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ల లీప్ ఆఫీసు ఫాంట్లు ఇంకో రకం. ఏ కంపెనీ ముక్కల్ని ఏ గడిలో పెట్టిందో ఆ కంపెనీ ఇష్టం, కాబట్టి ఒకదాని కన్వర్టర్ ఇంకోదానికి పనికిరాదు. అనులో కూడా 6వ వెర్షనుకు, 7వ వెర్షనుకు తేడా ఉంది. ఒక పేరా వేసి చూడండి. సగం తెలుగు, సగం గందరగోళం వస్తే వెర్షన్ మార్చి చూడండి.

తెరుచుకోని ఫైళ్ల పేరు చివర పీ65 అనో, పీఎండీ అనో ఉందా? అయితే అవి పేజ్‌మేకర్ ఫైళ్లు, అప్పట్లో పుస్తకాల పేజీలు పెట్టిన సాఫ్ట్‌వేర్ అది. పుస్తకం అసలు అక్కడే ఉంటుంది. మీ వర్డ్ ఫైళ్లు బహుశా ప్రూఫుకు ముందు కొట్టిన చిత్తు ప్రతులు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, 2004లో అడోబీ దాని అభివృద్ధిని ఆపేసింది. మా ఊళ్లో మాత్రం అది ఇప్పటికీ బతికే ఉంది. ఏదైనా పాత డీటీపీ షాపుకు వెళ్తే మూలన ఒక పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ మీద దుప్పటి కప్పి ఉంటుంది, అడగండి. పేజ్‌మేకర్ తర్వాత అదే కంపెనీ తెచ్చిన ఇన్‌డిజైన్ పాత వెర్షన్లలో, సీఎస్6 దాకా, పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుచుకుంటాయి. పేజ్‌మేకర్‌లో తెరిచాక మ్యాటర్ మీద క్లిక్ చేసి కంట్రోల్-ఈ కొడితే ఆ స్టోరీ, అంటే పేజీ నుంచి పేజీకి కలిసి పారే మ్యాటర్, మొత్తం ఒకే కిటికీలో వస్తుంది, అక్కడి నుంచి ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు. ఆ రోజుల్లో కొట్టిన ఆపరేటర్ బుద్ధిమంతుడైతే ఒక అధ్యాయం ఒక స్టోరీగా ఉంటుంది. ఏ పేజీకి ఆ పేజీ విడిగా కొట్టిన మహానుభావుడైతే 240 సార్లు చేయాలి. నేను రెండో రకం పనులూ చేశాను, అర్జెంటంటే ఎవరైనా అంతే.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, చాలామంది పడతారు. ఉత్త టెక్స్ట్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఏ ముక్క ఏ ఫాంటులో ఉందన్న సమాచారం పోతుంది. అప్పుడు నాన్నగారు నిజంగానే ఇంగ్లీషులో రాసిన పేర్లు, చిరునామాలు కూడా తెలుగు ముక్కలనుకుని కన్వర్టర్ వాటినీ మార్చేస్తుంది. ఫాంటు సమాచారం ఉండేలా వర్డ్ ఫైలుగా తీయించండి. అలా కుదరకపోతే ఇంగ్లీషు మాటలున్న చోట్లు పుస్తకంలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని తర్వాత చేత్తో కొట్టండి. జ్ఞాపకాల పుస్తకంలో అవి మరీ ఎక్కువ ఉండవు.

కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, ‘అను నుంచి యూనికోడ్’ అని వెతికితే వస్తాయి. ఒకసారి ఒక అధ్యాయమే వేయండి. పుస్తకమంతా ఒకేసారి కుమ్మరిస్తే బ్రౌజర్ ఉక్కిరిబిక్కిరై మధ్యలో ఆగుతుంది, ఎక్కడ ఆగిందో మీకు తెలియదు. అచ్చు కాని రహస్యాలేమైనా ఉంటే ముక్కూమొహం తెలియని సైట్లో వేయకండి. మీది అచ్చయిన పుస్తకమే కాబట్టి పర్వాలేదు.

ఇప్పుడు తప్పుల సంగతి. దీనికోసమే ఇంత రాస్తున్నాను.

మ అనే అక్షరాన్ని చూడండి. వ పక్కన కొమ్ము పెట్టినట్టు ఉంటుంది. పాత ఫాంట్లలో నిజంగానే కొన్నిచోట్ల దాన్ని అలా అతికించారు. దాంతో మార్చాక ‘మోసం’ కాస్తా ‘వెూసం’ అవుతుంది. కళ్లు పెద్దవి చేసి చూస్తే తప్ప తేడా తెలియదు, కొన్ని ఫాంట్లలో అసలే తెలియదు. కానీ కంప్యూటర్‌కు అవి వేర్వేరు మాటలు. ఫైల్లో ‘మోసం’ అని వెతికితే దొరకదు. ఇంటర్నెట్‌లో కనిపించే పాత వార్తల్లో ఇలాంటి ‘వెూ’లు కోకొల్లలు. దీన్ని సరిచేయడం తేలిక. ‘వెూ’ అన్నచోటల్లా ‘మో’ అని ఒకేసారి మార్చేయండి. తెలుగులో ఒక హల్లుకు రెండు గుణింతాలు ఉండవు కాబట్టి ప్రమాదం లేదు. ‘వెు’ మాత్రం అలా మార్చకండి. అది ‘మె’ కావచ్చు, ‘మొ’ కావచ్చు, ఒక్కొక్కటీ చూడాలి.

ఋ అక్షరం ‘బుు’ అయిపోతుంది. ‘బుుణం’, ‘బుుషి’ అని వస్తాయి. ఇదీ ఒక్క దెబ్బలో మార్చుకోవచ్చు. ఝ వచ్చినచోట ర, కొమ్ము, మధ్యలో ఒక ఇంగ్లీషు అక్షరం దూరి కూర్చుంటాయి. ఝాన్సీ, ఝార్ఖండ్ లాంటి పేర్లు వెతికి పట్టుకోండి. అక్షరం పక్కన సున్న ‘ం’ ఉండాల్సినచోట తెలుగు అంకె సున్నా ‘౦’ పడుతుంది, అది మరీ మోసగాడు, కంటికి దొరకనే దొరకదు. పుస్తకంలో తెలుగు అంకెలు వాడకపోయి ఉంటే మొత్తం మార్చేయండి.

ఇంకోటి, ‘ఫేస్‌బుక్’ లాంటి మాటలు. 2003 పుస్తకంలో ఫేస్‌బుక్ ఉండదు గానీ బస్‌స్టాండ్, పోస్ట్‌మాన్, హెడ్‌మాస్టర్ ఉంటారు. పొల్లు అక్షరం తర్వాత ఇంకో హల్లు వస్తే యూనికోడ్ దాన్ని వత్తుగా మార్చేస్తుంది, ‘హెడ్మాస్టర్’ అని డ కింద మ వత్తు వస్తుంది. అలా రాకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పెట్టాలి, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కన్వర్టర్లు చాలాసార్లు దీన్ని పెట్టవు. అన్నట్టు, 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చిన తెలుగు అక్షరం గుర్తుందా? ‘జ్ఞా’లో ఇదే కనిపించని అక్షరం దూరితే మెసేజ్ తెరిచిన యాప్ ఆగిపోయేది. యాపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 వెర్షన్ ఇచ్చి సరిచేసింది. మా షాపులో రెండు రోజులు అదే కబురు, మన జ్ఞానానికి అమెరికా తట్టుకోలేకపోయిందని.

లైను చివర విరుపు గీతలు కూడా చూసుకోండి. పేజ్‌మేకర్‌కు తెలుగు మాటను ఎక్కడ విరవాలో తెలియదు, మేమే చేత్తో గీత కొట్టి విరిచేవాళ్లం. ఇప్పుడు పేజీ సైజు మారితే ఆ గీతలు లైను మధ్యలోకి వచ్చి ‘చెప్పు-కున్నాడు’ అని నిలబడతాయి. కొంతమంది లైను చివర ఎంటర్ కూడా కొట్టేసేవాళ్లు. వాళ్ల గురించి ఇక్కడ మాట్లాడను.

నాన్నగారి పుస్తకంలో పద్యాలుంటే ఆ పేజీలు మాత్రం మళ్లీ కొట్టించండి. అరసున్నలు, బండి ర (ఱ), పాత పద్ధతి గుర్తులు మార్పిడిలో నలిగిపోతాయి. సరిచేయడం కంటే కొట్టడమే త్వరగా అవుతుంది.

అచ్చు పుస్తకమే ఫైనల్, సీడీ కాదు. ఈ మాట బయటివాళ్లకు తెలియదు. అప్పట్లో పేజీలు ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి ప్రెస్సుకు పంపేవాళ్లం. ఆఖరి నిమిషంలో తప్పు కనబడితే పేజీ మొత్తం మళ్లీ తీయడం దండగని, సరైన మాటను విడిగా ప్రింటు తీసి, బ్లేడుతో కోసి, ఆ తప్పు మీద అతికించేవాళ్లం. ఆ దిద్దుబాటు ట్రేసింగ్ మీదే ఉంటుంది, అచ్చులోకి వస్తుంది, కంప్యూటర్లోకి మాత్రం రాదు. ఒక రచయిత పుస్తకంలో అంకితం పేరులో ఇంటిపేరు తప్పు పడితే ఇలాగే నేను అతికించాను. పదిహేనేళ్ల తర్వాత వాళ్లబ్బాయి మరో షాపులో నా ఫైలుతోనే రెండో ముద్రణ వేయించాడు. తప్పు ఇంటిపేరు మళ్లీ బయటికొచ్చింది. అంకితం తీసుకున్న కుటుంబం ఫోన్ చేసి నన్నే తిట్టింది, న్యాయమే.

కాబట్టి ప్రూఫు ఇలా చూడండి. ఇద్దరు కూర్చోవాలి. ఒకరు అచ్చు పుస్తకం పట్టుకుని పైకి చదవాలి, కామాలూ చుక్కలూ కూడా పలకాలి. ఇంకొకరు స్క్రీన్ మీదో ప్రింటు మీదో చూస్తూ పోవాలి. పాత ప్రెస్సుల్లో చదివే ఆయన్ను కాపీ హోల్డర్ అనేవాళ్లు, అదొక ఉద్యోగం. ఒక్కరే కూర్చుని అటూ ఇటూ చూస్తే మెదడు తప్పును సరిగ్గానే చదివేస్తుంది. రోజుకు పాతిక పేజీలకు మించొద్దు. 240 పేజీలంటే పది రోజులు. అమ్మగారు చదవగలిగితే ఆవిడ చేత చదివించండి. పేర్లు, ఊళ్లు, వరసలు ఆవిడకు తెలిసినంతగా ఏ ప్రూఫ్ రీడరుకూ తెలియవు.

ఇప్పుడు కొత్తగా అందరూ అడిగేది, ఏఐకి ఇస్తే తప్పులన్నీ అదే దిద్దేస్తుంది కదా అని. నేనూ ఇచ్చి చూశాను. ఒక పెద్దాయన పల్లెటూరి కథల్లో ఒక అధ్యాయం వేసి, ‘అక్షర దోషాలు మాత్రమే సరిచేయి’ అని చెప్పాను. దోషాలు దిద్దింది, చాలా బాగా దిద్దింది. దాంతోపాటు ‘వత్తన్నా’ను ‘వస్తున్నా’ చేసింది, ‘ఏటి’ని ‘ఏమిటి’ చేసింది, ఒకచోట ఒక వాక్యమే మింగేసింది. కథలో శ్రీకాకుళం ముసలమ్మ ఉన్నట్టుండి టీవీ యాంకర్‌లా మాట్లాడింది. వాడొద్దనడం లేదు. అనుమానం ఉన్న మాటల చిట్టా ఇమ్మనండి, మార్చడం మాత్రం మీరే చేయండి. నాన్నగారి మాట తీరు పోతే ఆ పుస్తకం మళ్లీ వేయడం ఎందుకు?

సీడీ అసలే చదవలేదనుకోండి, అప్పుడు రెండో దారి ఉంది. పుస్తకాన్ని స్కాన్ చేసి ఓసీఆర్ చేయించడం, అంటే పేజీ బొమ్మలోంచి అక్షరాలను కంప్యూటర్ చేత గుర్తుపట్టించడం. స్కాన్‌ను గూగుల్ డ్రైవ్‌లో వేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలను బాగానే గుర్తుపడుతుంది, ఆఫ్‌సెట్ అచ్చు కాబట్టి మీ పుస్తకానికి సరిపోతుంది. థ, ధ కలిసిపోతాయి, ప, వ తారుమారవుతాయి. అరిగిన సీసపు అచ్చులతో కొట్టిన 1960ల నాటి పుస్తకాలకు మాత్రం ఓసీఆర్ తప్పులు దిద్దే బదులు మళ్లీ టైపు చేయించడమే చవక, నేను రెండూ చేసి చూశాను. అలాగే అరవై, డెబ్బై పేజీల చిన్న పుస్తకానికి ఇంత హైరానా అక్కర్లేదు. ఫోన్‌లో వాయిస్ టైపింగ్ పెట్టుకుని మీరే చదివేసినా అయిపోతుంది.

మరి మేమంతా ఇన్నేళ్లు పాత ఫాంట్లనే ఎందుకు పట్టుకుని వేలాడామని మీరు కాస్త కోపంగానే అడిగారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు వచ్చింది కదా అని. నిజమే, వచ్చింది. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. గౌతమి స్క్రీన్ మీద చదువుకోవడానికి బాగుంటుంది గానీ పుస్తకం వేస్తే రచయితలు మొహం చిట్లించేవాళ్లు. అసలు కారణం వేళ్లు. అనులో ఆపిల్ అనే కీబోర్డు లేఅవుట్‌కు, అంటే ఏ మీట కొడితే ఏ ముక్క పడుతుందన్న అమరికకు, అలవాటుపడ్డ ఆపరేటర్ గంటకు ఇన్ని పేజీలని కొడితేనే వాడికి కూలి గిట్టేది. కొత్త లేఅవుట్ నేర్చుకోమంటే నాలుగు నెలలు సంపాదన సగం అవుతుంది. ఆ నాలుగు నెలలు ఎవరిస్తారు? నేను 2014లో మారాను, అదీ మా అమ్మాయి పోరగా. ఇంకా మారనివాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు, ముగ్గురూ నాకంటే బిజీ.

కొత్త ముద్రణ పేజీలు పెట్టించేటప్పుడు రెండు మాటలు చెప్పండి. ఇన్‌డిజైన్‌లో చేస్తుంటే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ పెట్టమనండి. అది పెట్టకపోతే వత్తులు విడిపోయి పక్కన పొల్లుతో నిలబడతాయి, ఆపరేటర్ ఫాంటును తిడతాడు. ఉచితంగా కావాలంటే లిబ్రే ఆఫీస్ చాలు, మామూలు పుస్తకానికి. ఫాంట్లలో మ్యాటర్‌కు నాకు మండలి నచ్చుతుంది, కొంచెం పాత పుస్తకం కళ కావాలంటే సురన్న, అధ్యాయాల పేర్లకు రామభద్ర. అన్నీ ఉచితమే, గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. పేజీలు పెరుగుతాయని ముందే లెక్క వేసుకోండి. కింద వత్తులకు జాగా వదలాలి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ పడుతుంది. నా దగ్గర ఒక 200 పేజీల పుస్తకం 226కు పోయింది, కాగితం ఖర్చు దగ్గర పుస్తకం వేయించుకున్నవాళ్లతో గొడవైంది.

హక్కుల గురించి కూడా అడిగారు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది, అది వారసులకు వస్తుంది. నాన్నగారు సొంతంగా వేసుకున్నారు, ఎవరికీ రాసివ్వలేదు కాబట్టి మీ అమ్మగారు, మీరు, మీ తోబుట్టువులు ఒక మాట అనుకుంటే చాలు. ముఖచిత్రం గీసిన ఆయన్ను మాత్రం ఒక మాట అడగండి.

ఫాంటు పేరు, ఫైళ్ల పేర్ల చివర ఏముందో చూసి ఇక్కడ రాయండి. పిచ్చి గీతల్లో ఒక పేరా కూడా అలాగే అతికించండి, దాన్ని చూస్తే ఏ వెర్షనో చెప్పగలను. షాపు కట్టేసి ఇంటికొచ్చేసరికి తొమ్మిది దాటుతుంది, జవాబు ఆ తర్వాతే.